భీమవరం నుంచి స్నోబోర్డింగ్ కెరీర్: ముందు మంచు రోజులు లెక్కపెట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీది భీమవరం దగ్గర పల్లె, రొయ్యల చెరువుల మీద జీవనం. పాపకి పదిహేనేళ్లు, పదో తరగతి. రోలర్ స్కేటింగ్‌లో జిల్లా స్థాయి పతకాలున్నాయి. పోయిన సంక్రాంతి సెలవుల్లో కశ్మీర్‌లోని గుల్‌మర్గ్‌లో అయిదు రోజులు స్నోబోర్డు (ఒకే పలక మీద పక్కకి తిరిగి నిలబడి మంచు వాలు దిగే ఆట) నేర్చుకుంది. అప్పటి నుంచి ప్రొఫెషనల్ స్నోబోర్డర్ అవుతానని పట్టుబడుతోంది. ఇది బతుకుతెరువు అవుతుందా, ఇంటర్‌లో చేర్చాలా వద్దా, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది మీ ప్రశ్న.

ఈ ఆటలో ప్రతిభ కంటే ముందు చూడాల్సిన లెక్క ఒకటుంది: మంచు రోజులు. వాలు మీద నాలుగైదు గంటలు బోర్డు నడిపితే అది ఒక మంచు రోజు. ఆస్ట్రియాలోనో, అమెరికాలోని కొలరాడోలోనో స్కీ అకాడమీలో చదివే పిల్లలు ఏడాదికి 150 రోజుల దాకా మంచు మీద ఉంటారు. పదిహేనేళ్లు వచ్చేసరికి వాళ్ల ఖాతాలో వెయ్యి రోజులు చేరి ఉండటం వింత కాదు. మీ పాప ఖాతాలో అయిదు ఉన్నాయి. నిరుత్సాహపరచడానికి ఈ మాట అనడం లేదండి. చెరువులో సీడ్ వదిలే ముందు నీళ్లు ఎన్ని నెలలు అందుతాయో చూసుకుంటాం కదా, అలాగే ఏడాదికి ఎన్ని మంచు రోజులు సంపాదించగలమో ముందు తేల్చుకోవాలి. మిగతా నిర్ణయాలన్నీ దాని వెనకే వస్తాయి.

ఇక ‘స్నోబోర్డర్’ అన్న ఒక్క మాట కింద చాలా వేర్వేరు ఆటలున్నాయి. 1998 నగానో ఒలింపిక్స్‌లో జెయింట్ స్లాలమ్, హాఫ్‌పైప్ పోటీలతో స్నోబోర్డింగ్ ప్రవేశించింది. 2006లో స్నోబోర్డ్ క్రాస్, 2014లో స్లోప్‌స్టైల్, 2018లో బిగ్ ఎయిర్ చేరాయి. వీటిని రెండు గుంపులుగా చూడాలి.

మొదటిది విన్యాసాల గుంపు. హాఫ్‌పైప్‌లో రెండు పక్కలా దాదాపు 6.7 మీటర్ల మంచు గోడలుంటాయి, అంటే రెండంతస్తుల మేడ ఎత్తు. వాటి అంచు దాటి గాల్లోకి లేచి తిరుగుతారు, జడ్జీలు నూటికి మార్కులు వేస్తారు, చేసిన పరుగుల్లో ఉత్తమమైనది లెక్కలోకి వస్తుంది. స్లోప్‌స్టైల్‌లో పైన ఇనుప రెయిలింగులు, కింద గాల్లోకి ఎగరడానికి పెద్ద మంచు దిబ్బలు ఉంటాయి. బిగ్ ఎయిర్‌లో ఒకే పెద్ద దిబ్బ మీంచి ఎగురుతారు. మూడు ప్రయత్నాల్లో రెండు వేర్వేరు విన్యాసాల మార్కులు కలుపుతారు. రెండోది గడియారం గుంపు. సమాంతర జెయింట్ స్లాలమ్‌లో ఎరుపు, నీలం దారుల్లో ఇద్దరు పక్కపక్కనే గేట్లు, అంటే దారి చూపే జెండా కర్రలు, చుట్టుకుంటూ దిగుతారు. అర్హత పరుగుల్లో మొదటి 16 మంది నాకౌట్‌కు వెళ్తారు. స్నోబోర్డ్ క్రాస్‌లో నలుగురు ఒకేసారి గుట్టలు, మలుపులు ఉన్న దారిలో పరుగు తీస్తారు, 2022 బీజింగ్‌లో అలాగే నడిపారు. ముందు గీత దాటినవాళ్లు తర్వాతి రౌండుకు వెళ్తారు. జడ్జీల మార్కులతో పని లేదు.

పదిహేనేళ్లకు డెల్టా నుంచి మొదలుపెట్టే అమ్మాయికి విన్యాసాల గుంపులో ప్రపంచ స్థాయి దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఇది నా గట్టి అభిప్రాయం. క్లోయీ కిమ్ 2018లో హాఫ్‌పైప్ స్వర్ణం గెలిచేనాటికి ఆమెకు 17 ఏళ్లు. అదే ఏడాది స్లోప్‌స్టైల్ గెలిచిన రెడ్ జెరార్డ్‌కూ 17 ఏళ్లే. అయుము హిరానో 2014లో హాఫ్‌పైప్ రజతం గెలిచినప్పుడు అతనికి 15 ఏళ్లు. గాల్లో మూడు నాలుగు చుట్లు తిరిగేటప్పుడు నేల ఎక్కడుందో ఒంటికి తెలియాలి. ఆ తెలివిడి చిన్నప్పుడు ట్రాంపొలిన్ మీద, గాలి నింపిన పెద్ద పరుపులాంటి ఎయిర్‌బ్యాగ్ మీద వేలసార్లు పడి లేస్తేనే అబ్బుతుంది. గడియారం గుంపులోని పరుగు పందేల్లో మాత్రం వయసు అంత అడ్డు కాదు. లిండ్సే జాకబెల్లిస్ 2022లో స్నోబోర్డ్ క్రాస్ స్వర్ణం 36 ఏళ్లకు గెలిచింది. అదే ఒలింపిక్స్‌లో మిశ్రమ జట్టు స్వర్ణం ఆమెతో పంచుకున్న నిక్ బామ్‌గార్ట్‌నర్‌కు 40 ఏళ్లు. ఆస్ట్రియాకు చెందిన క్లాడియా రీగ్లర్ 2015లో సమాంతర జెయింట్ స్లాలమ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యేనాటికి 41 ఏళ్లది. బలం, దారి చదవగలగడం, వేగాన్ని తట్టుకునే గుండె ఈ పందేల్లో ఎక్కువ పనికొస్తాయి. కాబట్టి పాప లక్ష్యం గడియారం వైపు ఉండాలి. విన్యాసాలు సరదాకీ, బోర్డు మీద పట్టుకీ నేర్చుకోవాలి.

ఇంకో మాట, మీరు అడగకపోయినా చెప్పాలి. రోలర్ స్కేటింగ్ నుంచి వచ్చినవాళ్లకు స్నోబోర్డు కంటే స్కీయింగ్ త్వరగా పట్టుబడుతుంది. స్కేటింగ్‌లో ముఖం, ఛాతీ ముందుకుంటాయి, రెండు కాళ్లు విడివిడిగా పనిచేస్తాయి, ఒక కాలి నుంచి ఇంకో కాలికి బరువు మారుతుంది. స్కీయింగ్‌లోనూ అంతే. స్నోబోర్డు మీద రెండు పాదాలూ ఒకే పలకకు బిగిసి ఉంటాయి, ఒళ్లు పక్కకి తిరిగి ఉంటుంది. పైగా ఒలింపిక్ అర్హతలో పెద్ద తేడా ఉంది. ఆల్పైన్ స్కీయింగ్‌లో, అంటే కొండ వాలు మీద వేగంగా దిగే స్కీ పందేల్లో, నిర్ణీత పాయింట్ల హద్దులోకి వస్తే, ప్రపంచ కప్ ఫలితం లేకుండానే చిన్న జట్ల దేశానికి ఒక చోటు దొరికే వీలుంది. గుల్‌మర్గ్ ప్రాంతపు ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్‌కు ఆల్పైన్ స్కీయింగ్‌లోనే వెళ్లాడు, జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచాడు. అతను మంచు పక్కనే పుట్టి, నాలుగేళ్ల వయసు నుంచి స్కీయింగ్ చేసినవాడు. అదే స్నోబోర్డింగ్‌లో, బీజింగ్ నిబంధనల ప్రకారం, కనీస పాయింట్లతో పాటు ప్రపంచ కప్‌లోనో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనో ఒక్కసారైనా మొదటి 30 మందిలో ఉండాలి. ఆ ఒలింపిక్స్ వరకు మన దేశం నుంచి స్నోబోర్డర్ ఎవరూ వెళ్లలేదు. అందుకని వచ్చే డిసెంబరులో ఒక వారం స్కీలు కూడా వేయించి చూడండి. మనసు బోర్డు మీదే ఉంటే బోర్డే. కానీ రెండూ చూశాక నిర్ణయం తీసుకోనివ్వండి.

ఇప్పుడు రోజుల లెక్కకొద్దాం. గుల్‌మర్గ్‌లో మంచి మంచు డిసెంబరు చివరి నుంచి మార్చి మధ్య దాకా ఉంటుంది. డిసెంబరు 21 నుంచి నలభై రోజుల గడ్డుచలిని అక్కడివాళ్లు చిల్లై కలాన్ అంటారు. మన సంక్రాంతి సెలవులు సరిగ్గా అందులోనే పడతాయి. అయితే మనకు ఇంటర్ ప్రాక్టికల్స్, పరీక్షలు ఫిబ్రవరి–మార్చి ప్రాంతంలో వస్తాయి కాబట్టి రెగ్యులర్ కాలేజీలో ఉంటే ఏడాదికి పది, పన్నెండు రోజులకు మించి కుదరదు. అలా అయిదేళ్లు చేసినా అరవై రోజులే. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో (ఓపెన్ స్కూలు) ఇంటర్‌తో సమానమైన సీనియర్ సెకండరీ చేస్తే పరీక్షలు ఏప్రిల్–మేలోనూ, అక్టోబరు–నవంబరులోనూ ఉంటాయి. జనవరి, ఫిబ్రవరి పూర్తిగా ఖాళీ అవుతాయి. అప్పుడు ఒక సీజన్‌లో 45 నుంచి 60 మంచు రోజులు సాధ్యం. ఇంజినీరింగ్ మీద కూడా ఆశ ఉంటే మొదటి సీజన్ సెలవుల్లో చేయించి, చివర్లో చెప్పిన మంచు మీది పరీక్షలు దాటాకే ఓపెన్ స్కూలు సంగతి ఆలోచించండి. పదో తరగతి అవగానే కాలేజీ మాన్పించే తొందర అక్కర్లేదు.

మనకు సార్వా, దాళ్వా ఉన్నట్టే ఈ ఆటకూ రెండు పంటలు. మన దాళ్వా కాలమంతా ఉత్తరార్ధగోళంలో మంచు. సార్వా నాట్లు పడే జూన్ చివర నుంచి సెప్టెంబరు దాకా న్యూజిలాండ్, ఆస్ట్రేలియా కొండల మీద మంచు. ప్రొఫెషనల్ అన్నవాళ్లు రెండు పంటలూ తీస్తారు. మీకు మొదటి రెండేళ్లు ఒక్క పంట చాలు.

ఇక్కడి ఏర్పాట్లు చెప్తాను. గుల్‌మర్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే భారత స్కీయింగ్ పర్వతారోహణ సంస్థ ఉంది. మనాలీలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ కూడా శీతాకాలపు కోర్సులు నడుపుతుంది. ఉత్తరాఖండ్‌లో ఔలీ ఉంది. ప్రభుత్వ కోర్సులు ఎక్కువగా స్కీయింగ్‌వి, ఖర్చు తక్కువ, సీట్లు త్వరగా నిండిపోతాయి. స్నోబోర్డుకి గుల్‌మర్గ్‌లో స్థానిక శిక్షకులు దొరుకుతారు. శిక్షకుడిని ఎంచుకునేటప్పుడు రెండు అడగండి: ఏ సంస్థ నుంచి ఏ లెవెల్ సర్టిఫికెట్ ఉంది, ఒకేసారి ఎంతమందికి నేర్పుతారు. నలుగురికి మించితే మొదటి వారం సగం వృథా. పాప మైనరు కాబట్టి మీలో ఒకరు వెంట ఉండండి.

మంచు లేని తొమ్మిది నెలల్లో ఇంటి దగ్గర చేయగలిగింది చాలా ఉంది. చాలామంది ఇక్కడే వెనకబడతారు. ముందుగా ఒక బ్యాలెన్స్ బోర్డు చేయించండి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, పొడవు 75 సెంటీమీటర్లు, వెడల్పు 28. అడుగున రెండు చివర్లా అడ్డంగా ఒక్కో చెక్క పట్టీ స్క్రూలతో బిగించాలి, లేకపోతే పైపు బయటికి జారి మోకాలు మెలిపడుతుంది. కింద దొర్లడానికి 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క 40 సెంటీమీటర్లు. చెరువులకు వాడే 6 కేజీల ఒత్తిడి తట్టుకునే పైపు తీసుకోండి, డ్రైనేజీకి వాడే పలచటి పైపు బరువుకి పగులుతుంది. లోపల ఇసుక దట్టించి రెండు వైపులా మూత వేస్తే నెమ్మదిగా దొర్లుతుంది, నేర్చుకునేవాళ్లకు అదే మంచిది. గ్రానైట్ మీద కాకుండా రబ్బరు మ్యాట్ మీద, రోజుకు పదిహేను నిమిషాలు, సగం సమయం ఎడమ కాలు ముందు, సగం కుడి కాలు ముందు. రెండు వైపులా నడపగలగడం ఈ ఆటలో ప్రాణం. దాన్నే స్విచ్ అంటారు.

ఏ కాలు ముందుండాలో తేల్చడం తేలిక. సాక్సులతో నున్నటి గచ్చు మీద పరుగెత్తి జారమనండి. ఏ కాలు సహజంగా ముందుకు వస్తే అదే. ఎడమ ముందుంటే రెగ్యులర్, కుడి ముందుంటే గూఫీ.

స్కేట్‌బోర్డు లేదా పొడవాటి లాంగ్‌బోర్డు కొనిపెడితే పక్కకి తిరిగి నిలబడే అలవాటు పడుతుంది. ఊరి బయట తారు పోసిన లేఅవుట్ రోడ్లు, రాకపోకలు లేని వేళ సరిపోతాయి. కాలువ గట్టు మీద వద్దు. కంకర తగిలి చక్రం ఆగితే నీళ్లలోకో రోడ్డు మీదికో పడతారు. పడటం కూడా సాధన చేయాలి. ఎండిన వరిగడ్డి మోకాలెత్తు పరిచి, గుప్పిట మూసి, గడ్డం ఛాతీకి ఆనించి, వెనక్కి పడితే వీపు మీద దొర్లడం, ముందుకు పడితే ముంజేతుల మీద వాలడం. రోజుకు ఇరవైసార్లు, నెల రోజులు. మంచులో పడ్డప్పుడు ఆలోచించే వ్యవధి ఉండదు.

కాళ్ల బలానికి వారానికి మూడు రోజులు: స్క్వాట్లు, ఒంటికాలి స్క్వాట్లు, పక్కకి గెంతులు, వెనక తొడ కండరాల కసరత్తు. అమ్మాయిల్లో మోకాలి ముందు లిగమెంటు తెగడం అబ్బాయిల కంటే ఎక్కువ. గెంతి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలడం దానికి ముఖ్య కారణాల్లో ఒకటి. 30 సెంటీమీటర్ల పీట మీద నుంచి దిగుతుంటే ఎదురుగా ఫోనుతో వీడియో తీయండి. మోకాలు కాలి వేళ్ల దిక్కునే వంగాలి. అది సరిగ్గా వచ్చేదాకా ఎత్తు పెంచొద్దు.

ఎత్తు గురించి: భీమవరం సముద్రమట్టానికి పది మీటర్లు కూడా ఉండదు. గుల్‌మర్గ్ ఊరు 2,650 మీటర్ల దగ్గర, గొండోలా (తీగ మీద నడిచే రోప్‌వే) రెండో దశ చేర్చేది దాదాపు 3,900 మీటర్లకు. వెళ్లిన మొదటి రెండు రోజులు ఊరి దగ్గరి వాలు మీదే ఉండాలి. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే పైకి వెళ్లకూడదు, తగ్గకపోతే కిందికి దిగాలి. ఎంత ఫిట్‌గా ఉన్నా ఇది తప్పదు.

ఇప్పుడు మొదటి ఇరవై మంచు రోజుల్లో ఏం నేర్వాలి. మొదట మడమ అంచు మీద నిలబడి నెమ్మదిగా కిందికి జారడం, తర్వాత కాలివేళ్ల అంచు మీద అదే పని. ఆ తర్వాత ఎండుటాకు రాలినట్టు అటూ ఇటూ ఊగుతూ దిగడం. అప్పుడు ఒక వైపు మలుపు, ఆపై రెండు మలుపులు కలపడం. చాలామందికి మూడో రోజుకో అయిదో రోజుకో మలుపులు కలుస్తాయి. మీ పాపకి అయిదు రోజుల్లో వచ్చి ఉంటే సరైన వేగంలోనే ఉంది.

ఇక్కడ అందర్నీ పడగొట్టేది ఒక్కటే, అంచు పట్టుకోవడం. బోర్డు వాలుకి అడ్డంగా ఉన్నప్పుడు కొండ వైపు అంచు కాస్త పైకి లేచి, బోర్డు బల్లపరుపుగా అయిందనుకోండి. లోయ వైపు అంచు మంచులో దిగబడుతుంది, బోర్డు ఠక్కున ఆగుతుంది, ఒళ్లు మాత్రం ఆగదు. నిలబడ్డ మనిషిని కాళ్లు పట్టి లాగినట్టు లోయ వైపుకి విసిరేస్తుంది. మడమ అంచు మీద ఉన్నప్పుడు ముందుకు పడి మణికట్టు పోతుంది, వేళ్ల అంచు మీద ఉన్నప్పుడు వెనక్కి పడి తల కొట్టుకుంటుంది. దీని మందు ఒకటే: వాలుకి అడ్డంగా ఉన్నంతసేపూ కొండ వైపు అంచు పట్టు వదలకూడదు, అంచు మార్చాలంటే ముందు బోర్డు ముక్కు కిందికి తిరగాలి. ముందు కాలి మోకాలు, చూపు మలుపు వైపు తిరిగితే బోర్డు వెంట వస్తుంది. వెనక కాలితో బోర్డుని తోసి తిప్పేవాళ్లు పదో రోజు దాకా హాయిగానే ఉంటారు, వాలు నిటారైన రోజున నిలవలేరు. ఈ చెడ్డ అలవాటు మొదటి వారంలోనే విడిపించాలి.

ఇరవై రోజులయ్యాక కార్వింగ్, అంటే బోర్డు పక్కకి జారకుండా అంచు మీదే గీత గీసినట్టు తిరగడం. వెనక్కి తిరిగి చూస్తే మంచులో పెన్సిల్ గీతంత సన్నటి జాడ ఉండాలి. తుడిచినట్టు వెడల్పుగా ఉంటే ఇంకా రాలేదు. పరుగు పందేల పిల్లకి ఇదే పునాది, దీని మీద ముప్పై రోజులు పెట్టినా వృథా కాదు.

పరికరాల్లో మొదట బూట్లు కొనండి, బోర్డు అద్దెకు తీసుకోండి. అద్దె బూట్లు పదిమంది వాడి సాగిపోయి ఉంటాయి, మడమ లేస్తే అంచు మీద పట్టు ఉండదు. అమెరికా మార్కెట్‌లో మధ్యరకం బూట్లు 200 నుంచి 400 డాలర్లు, బూట్లను బోర్డుకు బిగించే బైండింగులు 200 నుంచి 350, బోర్డు 400 నుంచి 600 దాకా ఉంటాయి. ఇక్కడికి తెప్పిస్తే పన్నులు అదనం. బోర్డు పొడవు గడ్డానికీ ముక్కుకీ మధ్య అంటారు గానీ, అసలు చూడాల్సింది బరువు. తయారీదారు ఇచ్చిన బరువు పట్టికే ప్రమాణం. బోర్డు నడుము, అంటే మధ్యభాగం, వెడల్పు కూడా చూడాలి. బూటు ముందుకు ఎక్కువ వస్తే వంగినప్పుడు వేళ్లు మంచుకి రాసుకుని పడతారు. బైండింగు కోణాలు మొదట్లో ముందు కాలు 15 డిగ్రీలు, వెనక కాలు మైనస్ 6 నుంచి మైనస్ 15 మధ్య (మైనస్ అంటే వేళ్లు బోర్డు తోక వైపు తిరగడం). సమాంతర స్లాలమ్‌లోకి వెళ్లాక గట్టి ప్లాస్టిక్ బూట్లు, పొడవాటి సన్నటి బోర్డు వేరే కావాలి. రెండు పాదాలూ బాగా ముందుకు తిరుగుతాయి. అది మూడో ఏడాది మాట.

దుస్తుల్లో నూలు వద్దు. నూలు బనీను చెమటకి తడిసి, ఆరక, ఒంటిని చల్లబరుస్తుంది. ఒక్క జత ఉన్ని సాక్సులు చాలు. రెండు జతలు వేస్తే మడత పడి నొప్పి, రక్తప్రసరణ తగ్గి చలి. హెల్మెట్ మీద ఈఎన్ 1077 అని ముద్ర ఉండాలి. మణికట్టు గార్డులు మొదటి ఏడాది తప్పనిసరి.

మన గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ. ఇక్కడ స్నోబోర్డు దాచడం ఒక ప్రత్యేకమైన పని. సీజన్ అయ్యాక అలాగే అటక మీద పడేస్తే వానాకాలం వెళ్లేసరికి ఉక్కు అంచులు తుప్పు పడతాయి, బూట్ల లోపలి మెత్తలు బూజు పడతాయి. బూట్ల అడుగున ఉండే పాలీయురెథేన్ వేడికీ తేమకీ పొడిపొడిగా రాలిపోవచ్చు. ఇంటికి రాగానే అంచులు తుడిచి, ఆరబెట్టి, కుట్టుమిషన్ నూనె పలచగా రాయండి. అడుగుభాగానికి మందంగా మైనం కరిగించి, గీకకుండా అలాగే వదిలేయండి, అది గాలిని తగలనివ్వదు. బూట్ల లోపలి మెత్తలు బయటికి తీసి నీడలో ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లాలతో మూత ఉన్న డబ్బాలో పెట్టి, ఇంట్లో అన్నింటికన్నా చల్లటి గదిలో ఉంచండి. రేకుల షెడ్డులో, ఏరేటర్ల సామాను పక్కన మాత్రం వద్దు.

మైనం పెట్టడం పాపే నేర్చుకోవాలి. ఆవిరి రంధ్రాలు లేని పాత ఇస్త్రీపెట్టె ఒకటి దీనికే కేటాయించండి. వేడి మైనం డబ్బా మీద రాసినంత, సాధారణంగా 120 నుంచి 140 డిగ్రీలు. మైనం పొగ వస్తే వేడి ఎక్కువైనట్టు. బొట్లుబొట్లుగా కార్చి, పెట్టెని ఎక్కడా ఆపకుండా ముక్కు నుంచి తోక దాకా జరపాలి. ఒకే చోట ఆపితే అడుగు ప్లాస్టిక్ కాలి రంధ్రాలు మూసుకుపోతాయి, లోపలి జిగురు ఊడి పొంగు వస్తుంది. బోర్డు పైభాగం చేత్తో ముట్టుకుంటే గోరువెచ్చగా ఉండాలి, అంతే. అరగంట చల్లారనిచ్చి, ప్లాస్టిక్ గీకుడు పలకతో ముక్కు నుంచి తోకకే గీకి, నైలాన్ బ్రష్ పట్టాలి. ఫ్లోరిన్ కలిసిన మైనాన్ని అంతర్జాతీయ స్కీ, స్నోబోర్డు సమాఖ్య ఫిస్ 2023–24 సీజన్ నుంచి పోటీల్లో నిషేధించింది. పాత స్టాకు చవగ్గా వస్తుందని కొనొద్దు.

గాయాల విషయంలో మణికట్టు విరగడం కొత్తవాళ్లలో సర్వసాధారణం. చీలమండ బయటివైపు నొప్పి తగ్గకపోతే బెణుకు అనుకుని వదలకండి. టాలస్ అనే ఎముక అంచు విరగడం స్నోబోర్డర్లలో ఎక్కువ, మామూలు ఎక్స్‌రేలో తప్పిపోతుంది, సీటీ స్కాన్ అడగాలి. తలకు దెబ్బ తగిలి మగతగా, వాంతిగా ఉంటే ఆ రోజు ఆట అయిపోయినట్టే. పూర్తిగా తగ్గి, డాక్టరు సరే అన్నాకే మెల్లగా మళ్లీ మొదలు. అమెరికా హాఫ్‌పైప్ క్రీడాకారుడు కెవిన్ పియర్స్ 2009 డిసెంబరు 31న సాధనలో తలకు తగిలిన దెబ్బతో పోటీల జీవితమే ముగిసింది. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ‘శీతాకాల క్రీడలు’, ‘పోటీలు’ అనే రెండు మాటలు పాలసీలో ఉన్నాయో లేదో చదవండి. మామూలు పాలసీల్లో సాధారణంగా ఇవి మినహాయింపుల్లో ఉంటాయి. గుర్తించిన వాలు దాటి తాజా మంచులోకి వెళ్లడం హిమపాతాల ప్రమాదం. మంచులో కూరుకుపోయినవాళ్లను వెతికే ట్రాన్సీవరు, పొడవాటి ప్రోబు కర్ర, పార, వీటితో పాటు గైడు లేకుండా అడుగు పెట్టనివ్వకండి.

పోటీల మెట్లు ఇలా ఉంటాయి. మొదట రాష్ట్ర సంఘం తరఫున జాతీయ పోటీలు, 2020 నుంచి జరుగుతున్న ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు. గుల్‌మర్గ్‌లో జరిగే ఆ క్రీడల్లో స్నోబోర్డింగ్ ఉంటుంది. సైన్యం, ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం) జట్లు అక్కడ బలమైనవి. తర్వాత ఫిస్ పోటీలు. వాటికి సొంతంగా దరఖాస్తు చేయలేరు. జాతీయ సమాఖ్య మీ పాప పేరు నమోదు చేస్తే ఫిస్ నంబరు వస్తుంది, ప్రతి పోటీకీ ఎంట్రీ కూడా వాళ్లే పంపాలి. స్నోబోర్డింగ్‌లో ఫిస్ పాయింట్లు ఎంత ఎక్కువైతే అంత మంచిది, స్కీయింగ్‌లో తక్కువైతే మంచిది. స్నోబోర్డర్లు, స్కీయర్లు ఇద్దరి మాటలూ కలిపి వింటే తికమక వస్తుంది. మెట్ల వరస ఇది: చిన్న ఫిస్ పోటీలు, ఖండ స్థాయి కప్పులు, ప్రపంచ కప్. ఒక్కో మెట్టుకీ రెండు మూడు సీజన్లు పడతాయి. పోటీల్లో దిగాక మందుల మీద కూడా కన్నుండాలి. సూడోఎఫిడ్రిన్ ఉన్న జలుబు మాత్ర పోటీ రోజున హద్దు దాటితే డోపింగే. 2002లో బ్రిటన్ స్కీయర్ అలెన్ బాక్స్‌టర్ ముక్కు ఇన్‌హేలర్ వల్ల కాంస్యం పోగొట్టుకున్నాడు.

సంపాదన ఎలా ఉంటుందంటే, మొదట కంపెనీలు డబ్బు ఇవ్వవు, సామాను ఇస్తాయి. పేరు వచ్చాక ప్రయాణ ఖర్చులు, ఆ పైన నెల జీతంలాంటి మొత్తం, పోటీ గెలిస్తే బోనస్, సొంత పేరు మీద బోర్డు వస్తే రాయల్టీ. నెల జీతం దాకా వచ్చేవాళ్లు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందే. బహుమతి సొమ్ము మీద బతకడం ప్రపంచ కప్ మొదటి వరసవాళ్లకే సాధ్యం. అందుకని చాలామంది ప్రొఫెషనల్స్ వేసవిలో వేరే పని చేస్తారు. మన దేశంలో ప్రభుత్వ సాయం అర్హత దగ్గరికి వచ్చాకే అందుతుంది. ఆరిఫ్ ఖాన్‌ని కేంద్రం టాప్స్ పథకంలో (ఒలింపిక్ ఆటగాళ్లకు సాయం చేసే పథకం) చేర్చింది బీజింగ్ అర్హత వచ్చాకే. అంతకు ముందు ఏళ్ల ఖర్చు కుటుంబం, స్థానిక దాతలే మోయాలి. ఒక పంట నష్టపోయినా ఇల్లు నిలబడేంత సొమ్మే దీనికి కేటాయించండి, చెరువు తాకట్టు పెట్టొద్దు.

నా దృష్టిలో ఈ రంగంలో మీ పాపకి నిలకడైన బతుకుతెరువు శిక్షకురాలి దారిలో ఉంది, పోటీలు దానికి పక్కన నడవాలి. కెనడా సంస్థ కాసీ లెవెల్ 1 మూడు రోజుల కోర్సు, దాంతో కొత్తవాళ్లకు నేర్పవచ్చు. లెవెల్ 2 ఉంటే విదేశీ స్కీ స్కూళ్లు ఉద్యోగం ఇవ్వడానికి ముందుకొస్తాయి. బ్రిటన్, న్యూజిలాండ్ సంస్థల సర్టిఫికెట్లూ ఇలాంటివే. చిక్కు వీసా దగ్గర వస్తుంది. కెనడా, జపాన్ యువతకిచ్చే వర్కింగ్ హాలిడే వీసాల్లో భారతీయులకు చోటు లేదు. ఆస్ట్రేలియా మాత్రం 2024 నుంచి భారతీయులకు ఏటా 1,000 వర్క్ అండ్ హాలిడే వీసాలు లాటరీ పద్ధతిలో ఇస్తోంది. 18 నుంచి 30 ఏళ్ల వయసు, ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ల చదువు, ఇంగ్లీషు పరీక్ష అవసరం. చదువు మాన్పించొద్దని పైన అన్నది అందుకే. ఆ చదువు ఉండి, లాటరీలో వీసా వస్తే ఆస్ట్రేలియాలోని పెరిషర్, త్రెడ్‌బో కొండల మీద జీతంతో మంచు రోజులు దొరకొచ్చు. యూరప్‌లో షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండొచ్చు, పని చేయకూడదు.

పైన అన్న మంచు మీది పరీక్షలు ఇవి. ఇరవై మంచు రోజులకు నిటారు వాలు మీద రెండు అంచుల మీదా ఆగకుండా దిగాలి, స్విచ్‌లో మలుపులు కలపాలి. అరవై రోజులకు గట్టి మంచు మీద కార్వింగ్ రావాలి, చిన్న దిబ్బ మీంచి ఎగిరి గాల్లో 180 డిగ్రీలు తిరిగి నిలబడాలి. నూట యాభై రోజులకు గేట్లలో జాతీయ స్థాయి అమ్మాయిలతో సమానంగా దిగాలి. ఒక మెట్టు దాటడానికి చెప్పిన దానికి రెట్టింపు రోజులు పడితే పోటీల ఖర్చు ఆపి శిక్షకురాలి దారికే డబ్బు మళ్లించండి. అప్పుడూ పాప ఆటలోనే ఉంటుంది.

ఈ ఏడాదికి చేయాల్సింది: అక్టోబరులో పాప పాదం కొలవండి. సాయంత్రం పూట, ఎందుకంటే పొద్దుట కంటే పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. గోడకి మడమ ఆనించి కాగితం మీద నిలబెట్టి, పొడవైన వేలి దాకా మిల్లీమీటర్లలో కొలత. రెండు పాదాలూ కొలిచి పెద్దది తీసుకోండి. 238 వస్తే బూటు సైజు 24. కాలివేళ్లు ముందు గోడని తాకీతాకనట్టుండాలి, మోకాలు వంచితే కాస్త వెనక్కి జరగాలి, మడమ ఒక సెంటీమీటరుకి మించి లేవకూడదు. వచ్చే ఏడాది పాదం పెరుగుతుందని ఒక సైజు పెద్దది తీసుకుంటే ఈ ఏడాది రోజులన్నీ జారుబాటుకే పోతాయి. బూట్లు నవంబరులో తెప్పించి, ఇంట్లో టీవీ చూస్తున్నప్పుడు రోజూ అరగంట వేయించండి. లోపలి మెత్త పాదం ఆకారానికి వచ్చాకే గుల్‌మర్గ్‌కి టికెట్లు తీసుకోండి.